నియ్యత్ దిల్‌లో, లఫ్జ్ బజార్‌లో



లీడర్ నోరు జారగానే టీవీలో ఒక జవాబు వస్తుంది: "నా ఉద్దేశం అది కాదు. నా మాటల్ని వక్రీకరించారు." పార్టీ ఏదైనా, మజహబ్ ఏదైనా జవాబు మాత్రం ఇదే. ఒక ఖౌమ్ మీద, ఒక జాత్ మీద విసిరిన మాటకు నియ్యత్ ఎంతవరకు గుంజాయిష్ ఇస్తుంది? ఈ సవాల్ మన కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఇరవై ఏళ్లుగా గడప దగ్గరే కూర్చుని ఉంది. నేను రెండు జల్సాల నుంచి మొదలుపెట్టి వెనక్కి, మన తారీఖ్‌లోకి వెళ్తాను.

కరీంనగర్, 2019

2019 మార్చి 17. లోక్‌సభ ఎన్నికల ప్రచారం. కరీంనగర్ సభలో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ బీజేపీ మీద విరుచుకుపడుతూ "హిందూగాళ్లు బొందుగాళ్లు" అన్నారు. తెలంగాణ మాటతీరు తెలిసినవాళ్లకు ఇది ఎట్లా పుట్టిందో వెంటనే అర్థమవుతుంది. ప్రాస కోసం మాటకు మాట జోడించడం మన జుబాన్‌కు అలవాటు. "నీ బొంద" అనేది ఇంట్లో అమ్మ కూడా అనే తిట్టే. మతం పేరుతో మంట పెట్టే రాజకీయాల్ని తిట్టాలన్నదే ఆయన నియ్యత్ అని ముందూ వెనకా వింటే తెలుస్తుంది. నేను మీకంటే పెద్ద హిందువునని ఆయన చెప్పుకున్నారు కూడా.

కానీ ఆ రెండు మాటలు తక్రీర్ నుంచి విడిపోయి ఫోన్లలోకి ఎక్కాయి. ముందు మాట లేదు, వెనక మాట లేదు. విశ్వ హిందూ పరిషత్ ఫిర్యాదు చేసింది, ఎన్నికల సంఘం నోటీసు ఇచ్చింది, కోడ్‌ను ఉల్లంఘించారని తేల్చింది. 2014లో రెండు లక్షలకు పైగా మెజారిటీతో టీఆర్ఎస్ గెలిచిన కరీంనగర్ సీటును ఈసారి బండి సంజయ్ దాదాపు 89 వేల ఓట్ల తేడాతో గెలుచుకున్నారు. ఓటమికి కారణాలు చాలా ఉంటాయి. అయినా ఆ మాటే దెబ్బ కొట్టిందని కరీంనగర్ హోటళ్లలో ఈ రోజుకూ అంటారు.

"-గాడు" అనే చిన్న తోకను గమనించండి. ఒక్క మనిషికి తగిలిస్తే అది దోస్తానా కావచ్చు, ప్రేమ కావచ్చు, తిట్టు కావచ్చు. ఖౌమ్ పేరుకు తగిలిస్తే ఒకటే మతలబ్ మిగులుతుంది. "తుర్కోడు" అన్నప్పుడు మనకు గుచ్చుకునేది "తురక" కంటే ఎక్కువగా ఆ "డు" అనే తోకే.

నిర్మల్, 2012

ఇప్పుడు మన ఇంటి మాట. 2012 డిసెంబర్ 22న అప్పటి ఆదిలాబాద్ జిల్లా నిర్మల్‌లో అక్బరుద్దీన్ ఒవైసీ తక్రీర్ చేశారు. పోలీసుల్ని పదిహేను నిమిషాలు పక్కకు తప్పిస్తే ఎవరి బలమెంతో తేలుతుందన్న మతలబ్‌తో మాట్లాడారు. 25 కోట్లు, 100 కోట్లు అని లెక్క చెప్పారు. హిందువులు పూజించే దేవుళ్ల గురించి ఎగతాళిగా మాట్లాడారు. జల్సా చప్పట్లతో దద్దరిల్లింది. 2013 జనవరి 8న అరెస్టయ్యారు, దాదాపు 40 రోజులు ఆదిలాబాద్ జైల్లో ఉన్నారు. 2022 ఏప్రిల్ 13న నాంపల్లిలోని ప్రత్యేక అదాలత్ ఆయన్ను నిర్దోషిగా వదిలింది. ముక్కలు ముక్కలుగా ఉన్న వీడియోలతో నేరం రుజువు కాదన్నది. అదే తీర్పులో, ఇకముందు ఇట్లాంటి తక్రీర్లు చేయవద్దనీ, తీర్పును జశ్న్‌గా జరుపుకోవద్దనీ కూడా చెప్పింది. మనవాళ్లు మొదటి సగమే విన్నారు.

చాలామంది సఫాయీ ఇట్లా ఇచ్చారు: "అక్బర్ భాయ్ నియ్యత్ మంచిదే, మన ఖౌమ్‌కు ధైర్యం చెప్పడానికే అన్నాడు. రోజూ మనల్ని తిట్టేవాళ్లకు జవాబిచ్చాడు." సరే, నియ్యత్ అదే అనుకుందాం. కానీ ఆ మాట ఎక్కడ అన్నారు? నిర్మల్ నుంచి భైంసా ఎంతో దూరం లేదు. 2008 అక్టోబర్‌లో దుర్గా నిమజ్జనం ఊరేగింపు దగ్గర మొదలైన ఫసాద్ భైంసాను కాల్చింది. ఆ దగ్గరలోని వాటోలి ఊళ్లో ఒకే ముస్లిం ఖాన్‌దాన్‌కు చెందిన ఆరుగుర్ని ఇంట్లోనే సజీవంగా తగలబెట్టారు. నాలుగేళ్లు దాటి కొద్ది నెలలే అయిన ఆ మట్టి మీద నిలబడి "పోలీసులు లేని పదిహేను నిమిషాలు" అనడం! పోలీసులు లేకపోతే ఏమవుతుందో వాటోలికి తెలుసు. ఆ పదిహేను నిమిషాలు వస్తే చచ్చేది ఎవరో వేదిక మీద ఉన్నవాళ్లకంటే, భైంసాలో రెండు బజార్ల మధ్య అద్దె ఇంట్లో ఉండే బేవాకు బాగా తెలుసు.

ఆ తక్రీర్ ఫాయిదా ఎవరికి దక్కింది? పదమూడేళ్లుగా ప్రతి ఎన్నికలో "పదిహేను నిమిషాలు" అని గుర్తుచేసేది మనం కాదు. 2019 జులైలో కరీంనగర్‌లో అక్బరుద్దీన్ మళ్లీ ఆ మాటే ఎత్తారు. గొడవ అయ్యాక, నా మాటల్ని వక్రీకరించారన్నారు. జవాబు మారలేదు.

తురక అన్న మాట ప్రయాణం

ఖౌమ్‌ల పేర్లు ఎట్లా తిట్లయ్యాయో తెలియకపోతే నియ్యత్ బహస్ గాల్లో నడుస్తుంది. "తురక" మాట అసలు తుర్క్. మన తాత ముత్తాతలు తుర్కీ దేశం చూసినవాళ్లు కారు. దూదేకుల, మెహతర్, ఫకీర్, షేక్ అని చెప్పుకునే మన ఘరానాల్లో చాలావరకు ఈ మట్టిలో పుట్టినవే. అయినా పేరు మాత్రం తుర్క్‌ల నుంచి వచ్చింది. ఒక నస్ల్ పేరు ఒక మజహబ్ పేరైపోయింది.

1323లో కాకతీయ రాజ్యం పడిపోయింది. ఆ తర్వాత ముసునూరి ప్రోలయ నాయకుడి విలస తామ్ర శాసనం తురుష్కుల్ని చీకటిలాగా, ఆపదలాగా వర్ణించింది. కొద్ది కాలానికే విజయనగర రాజులు "హిందూరాయ సురత్రాణ" అని బిరుదు పెట్టుకున్నారు. సురత్రాణ అంటే సుల్తానే! అదే మాటను గొప్పగా తలకెత్తుకున్నారు. గోల్కొండలో ఇబ్రాహీం కుతుబ్ షాను తెలుగు కవులు "మల్కిభరాముడు" అని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తన కావ్యాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. పొన్నికంటి తెలగన్న అచ్చతెలుగు "యయాతి చరిత్ర" అందుకున్నది పటాన్‌చెరు అమీన్ ఖాన్. అంటే ఒకే మాట ఒక శాసనంలో శత్రువు, ఇంకో కొలువులో ఏలిక.

ఊళ్లలో ఇంకో తురక ఉన్నాడు. తుర్కపల్లి, తుర్కయాంజాల్ అని ఊరి పేర్లున్నాయి. తురకవేప అని చెట్టుంది. మొహర్రంలో పీరీలు ఎత్తే మా పల్లెల్లో ముసలవ్వలు "తుర్కోళ్ల పిలగాడా, ఇటు రా, మలీద తిందువు" అంటారు. ఆ పిలుపులో నఫ్రత్ లేదు. అదే మాట, మైకు పట్టుకున్న నాయకుడు పళ్లు కొరుకుతూ అంటే రక్తం వేడెక్కుతుంది. ముసలవ్వ తురక, నాయకుడి తురక ఒకటి కాదు. ఇక్కడ నియ్యత్ చూడాల్సిందే. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ "పుట్టుమచ్చ" రాసినప్పుడూ, 1998లో స్కైబాబ సంపాదకత్వంలో "జల్‌జలా" వచ్చినప్పుడూ మన కవులు అడిగింది ఇదే: పేరుతో పాటు మా ఒంటికి అంటించిన ఈ షక్ ఎక్కడిది?

రజాకార్: రెండు జుబాన్లు, రెండు మతలబ్‌లు

నేను ఉర్దూ మీడియంలో చదువుకున్నాను. మా కితాబుల్లో రజాకార్ అంటే స్వచ్ఛందంగా ఖిద్మత్ చేసేవాడు. రజా అంటే ఇష్టం, కార్ అంటే చేసేవాడు. ఈ రోజుకూ ఉర్దూ అఖ్బార్లలో "రజాకారానా ఖిద్మత్", "రజాకారానా తంజీమ్" అని రాస్తారు. రక్తదానం క్యాంపులో నీళ్లు అందించే పిల్లవాడు కూడా రజాకారే. తర్వాత తెలుగులో డిగ్రీ చదవడానికి వెళ్లాక అదే మాట తెలుగు పుస్తకాల్లో హంతకుడని కనిపించింది. ఏ జుబాన్ అబద్ధం చెప్పింది? ఏదీ చెప్పలేదు.

ఖాసిం రజ్వీ నడిపిన ఆ వాలంటీర్ ఫౌజ్ 1947-48లో చేసిన జుల్మ్ నిజం. అప్పట్లో కరీంనగర్ జిల్లాలో ఉన్న పరకాలలో 1947 సెప్టెంబర్ 2న జెండా ఎత్తినవాళ్ల మీద కాల్పులు జరిగాయి. 1948 ఆగస్ట్ 27న బైరాన్‌పల్లిలో ఊరి మగవాళ్లను నిలబెట్టి కాల్చారు. ఆ ఇళ్లలో పుట్టినవాళ్లకు రజాకార్ అంటే వాలంటీర్ అని నేను డిక్షనరీ తెరిచి చూపిస్తే అది బేహయాయీ.

కానీ తారీఖ్ ఇంకో పేజీ కూడా తిప్పాలి. రజాకార్లను ఎదిరించి ఉర్దూలో రాసిన "ఇమ్రోజ్" పత్రిక ఎడిటర్ షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్ట్‌లో రజాకార్లే చంపారు. ఆయన ముసల్మాన్. నిజాం సర్కార్ మీద తిరగబడ్డ మఖ్దూం మొహియుద్దీన్ ముసల్మాన్. దేశ్‌ముఖ్ మీద భూమి కేసు గెలిచి హత్యకు గురైన షేక్ బందగీ ముసల్మాన్. పోలీస్ యాక్షన్ తర్వాత పండిత్ సుందర్‌లాల్ కమిటీ హైదరాబాద్ రాజ్యంలో తిరిగి, 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ఎక్కువ. వాళ్లలో చాలామంది రజాకార్ వర్దీ ఎన్నడూ తొడుక్కోని రైతులు, చప్రాసీలు, దర్జీలు. "రజాకార్" అన్న ఒక్క మాట వాళ్లను చంపడానికి లైసెన్స్ అయింది. అందుకే ఇవాళ ఒక నాయకుడు మన వీధిని చూపిస్తూ "రజాకార్ల వారసులు" అంటే మన పెద్దవాళ్లు కిటికీ మూసుకుంటారు. అది వాళ్లకు తిట్టులా వినపడదు, సైరన్‌లా వినపడుతుంది.

ఇదే మాట ఒక దేశాన్నే కుదిపింది. బంగ్లాదేశ్‌లో 1971 నాటి రజాకార్లు పాకిస్తాన్ ఫౌజ్‌కు తోడున్నవాళ్లు. 2024 జులై 14న ప్రధాని షేక్ హసీనా, ఉద్యోగాల కోటా స్వాతంత్ర్య యోధుల మనవళ్లకు కాక రజాకార్ల మనవళ్లకు ఇవ్వాలా అన్నారు. కోటాకు వ్యతిరేకంగా రోడ్డెక్కిన స్టూడెంట్లు తమనే అన్నారని తీసుకున్నారు. ఆ రాత్రే యూనివర్సిటీ హాస్టళ్లలో "మేమెవరం, రజాకార్" అని ఎదురు నారా మొదలైంది. నా మాటల్ని వక్రీకరించారని ఆమె తర్వాత చెప్పారు. ఆగస్ట్ 5న దేశం విడిచి వెళ్లారు. ఉద్యమానికి కారణాలు చాలా ఉన్నాయి, రక్తం చాలా పారింది. కానీ అగ్గిపుల్ల గీసింది ఆ లఫ్జే.

దీనికి ఉల్టా మిసాల్ కూడా ఉంది. 2024 నవంబర్‌లో మహారాష్ట్ర ఎన్నికల సభలో యోగి ఆదిత్యనాథ్ మల్లికార్జున ఖర్గే బచ్‌పన్ ఎత్తారు. బీదర్ జిల్లా వారవట్టిలో రజాకార్లు ఇల్లు తగలబెట్టినప్పుడు ఖర్గే అమ్మ చనిపోయింది. ఓట్ల కోసం ముసల్మానులకు కోపం వస్తుందని ఆయన ఆ మాట దాస్తున్నారన్నది యోగి నిందారోపణ. ఖర్గే కొడుకు ప్రియాంక్ జవాబిచ్చారు: ఆ పని చేసింది రజాకార్లు, మొత్తం ముస్లిం సమాజం కాదు. రజాకార్ అన్న మాట వాడే హక్కు అందరికంటే ఎక్కువ ఉన్న ఇల్లు అది. ఆ ఇల్లే ఆ మాటకు హద్దు గీసింది.

అదాలత్ ఏమంటుంది

మన కానూన్ నియ్యత్‌ను గట్టిగా పట్టుకుంటుంది. మతాల మధ్య వైరం పెంచే 153-ఏ, ఇప్పటి న్యాయ సంహితలో 196. మత భావాల్ని గాయపరిచే 295-ఏ, ఇప్పుడు 299. రెండోది 1927లో "రంగీలా రసూల్" గొడవ తర్వాత తెచ్చిన కానూన్. ఉద్దేశపూర్వకంగా, ద్వేషంతో చేస్తేనే నేరమని అందులోనే రాశారు. 1997లో హైదరాబాద్ కేసు బిలాల్ అహ్మద్ కాలూలో సుప్రీంకోర్టు 153-ఏకి కూడా నేర ఉద్దేశం ఉండాలన్నది. ఈ హద్దు మనకే రక్షణ. నియ్యత్ చూడకుండా మాట మీదే జైలంటే, ముందు లోపలికి వెళ్లేది ఎవరి పిల్లలో చెప్పనక్కర్లేదు.

అయితే 2020లో అమీష్ దేవ్‌గన్ కేసు వచ్చింది. ఈ టీవీ యాంకర్ లైవ్ ప్రోగ్రాంలో ఖ్వాజా మొయినుద్దీన్ చిష్తీని లుటేరా అన్నారు. దేశమంతా కేసులయ్యాయి, తెలంగాణలో కూడా. ఖిల్జీ అనబోయి చిష్తీ అన్నాను, నోరు జారిందని ఆయన మాఫీ అడిగారు. కేసులు కొట్టేయమని సుప్రీంకోర్టుకు వెళ్లారు. డిసెంబర్ 7 తీర్పులో కోర్టు కేసులు కొట్టేయలేదు. అన్నిటినీ కలిపి అజ్మీర్‌కు పంపింది. మాట ఏమిటి, ఉద్దేశం ఏమిటి, దానివల్ల జరిగే హాని ఏమిటి, ఈ మూడూ తూచాలన్నది. జనం మీద ప్రభావం ఉన్న మనిషికి జిమ్మేదారీ ఎక్కువ అన్నది.

ఆయన నియ్యత్ నిజంగానే ఖిల్జీ అనుకుందాం. అప్పుడైనా సవాల్ మిగులుతుంది: "లుటేరా" పక్కన ముస్లిం పేరు ఏదైనా సరిపోతుందన్నంత అలవాటుగా నాలుక ఎట్లా తిరిగింది? నోరు జారడంలో నియ్యత్ ఉండకపోవచ్చు, ఆదత్ ఉంటుంది.

దీన్ ఏమంటుంది

మనం వెంటనే బుఖారీ షరీఫ్ మొదటి హదీస్ గుర్తుచేస్తాం: అమల్‌కు మూలం నియ్యత్. నిజమే. కానీ అదే దీన్ లఫ్జ్‌ను కూడా పట్టుకుంది. సూరె బఖరా 104వ ఆయత్ చూడండి. మదీనాలో సహాబాలు హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లం తవజ్జుహ్ కోరుతూ "రాఇనా" అనేవాళ్లు. వాళ్ల నియ్యత్‌లో అదబ్ తప్ప ఇంకేం లేదు. కానీ కొందరు ఆ మాటనే మెలిపెట్టి అవమానంగా పలికేవాళ్లని తఫ్సీర్లు చెప్తాయి. అప్పుడు హుకుం ఎవరికి వచ్చింది? నియ్యత్ సాఫ్‌గా ఉన్న ఈమాన్‌వాళ్లకే: ఆ మాట వదలండి, "ఉన్జుర్నా" అనండి. సహాబాల నియ్యత్ కంటే మంచి నియ్యత్ ఏ ఎమ్మెల్యేకు, ఏ ఎంపీకి ఉంటుంది?

అబూ జర్ గిఫారీ రజియల్లాహు అన్హు కోపంలో ఒక మనిషిని అతని తల్లి రంగు ఎత్తి అన్నారు. ఆ మనిషి హజ్రత్ బిలాల్ అని మశ్హూర్. నీలో ఇంకా జాహిలియత్ ఉందని హుజూర్ మందలించారు. కోపంలో అన్నావా, నీ నియ్యత్ ఏమిటి అని అడిగినట్టు లేదు. సూరె హుజురాత్ పాడు లఖబ్‌లతో పిలవవద్దంటుంది. సూరె అన్‌ఆమ్ ఇతరులు మొక్కే దైవాల్ని తిట్టవద్దంటుంది, దాని నతీజా ఏమవుతుందో కూడా చెప్తుంది. నిర్మల్ జల్సాలో చప్పట్లు కొట్టిన చేతులకు ఈ ఆయత్ గుర్తుండాల్సింది.

మన ఫిఖ్‌లో ఒక ఫరఖ్ ఉంది, మదర్సాలో చదివిన ప్రతి పిల్లవాడికీ తెలుసు. తలాఖ్ మసాయిల్‌లో లఫ్జ్ రెండు రకాలు: సరీహ్, కినాయా. కినాయా అంటే రెండు మతలబ్‌లున్న మాట. అక్కడ నియ్యత్ అడుగుతారు. సరీహ్ అంటే ఒకే మతలబ్ ఉన్న మాట. అక్కడ నియ్యత్ అడగరు. మజాక్‌లో అన్నానన్నా వినరు. ఏ మాట సరీహ్, ఏది కినాయా అన్నది ఎక్కువగా ఉర్ఫ్ తేలుస్తుంది, అంటే జనం వాడుక.

నాకు ఈ తరాజూ చాలు అనిపిస్తుంది. ముసలవ్వ నోట "తుర్కోళ్ల పిలగాడు" కినాయా. నియ్యత్ చూడాలి, నవ్వి మలీద తినాలి. ఎన్నికల సభలో మన మొహల్లాను చూపిస్తూ "రజాకార్" అనడం ఇవాళ సరీహ్. 1948 దాన్ని సరీహ్ చేసింది. 2008 తర్వాత భైంసా పక్కన "పోలీసులు లేని పదిహేను నిమిషాలు" కూడా సరీహ్. 2020 నవంబర్‌లో హైదరాబాద్ కార్పొరేషన్ ఎన్నికల్లో కరీంనగర్ ఎంపీ బండి సంజయ్ పాతబస్తీ మీద సర్జికల్ స్ట్రైక్ చేస్తామన్నారు. అక్కడున్న రోహింగ్యాలను, పాకిస్తానీలను ఉద్దేశించే అన్నామని తర్వాత వివరణ వచ్చింది. సర్జికల్ స్ట్రైక్ శత్రుదేశం మీద చేసేది. మాట పడింది చార్మినార్ పక్కన అత్తరు అమ్ముకునేవాడి మీద. ఏ వివరణ దాన్ని వెనక్కి తేగలదు?

ఒకే తరాజూ

కాబట్టి నా రాయ్ ఇది. నియ్యత్ సజా తేల్చడానికి పనికొస్తుంది, జిమ్మేదారీ తప్పించుకోవడానికి పనికిరాదు. జైలుకు పంపే ముందు అదాలత్ నియ్యత్ చూడాలి, తప్పకుండా చూడాలి. కానీ అవామ్ ముందు నిలబడ్డవాడు "నా ఉద్దేశం అది కాదు" అంటే అది జవాబుకు మొదటి సగమే. రెండో సగం ఆయన తర్వాత చేసేది. నియ్యత్ నిజంగా సాఫ్ అయితే అదే ఊరికి వచ్చి, అంతే పెద్ద మైకు పట్టుకుని, ఆ మాట వాపస్ తీసుకుంటాడు. మళ్లీ ఎత్తడు. ప్రెస్ నోట్‌లో మాఫీ, వచ్చే జల్సాలో అదే మాట అయితే, నియ్యత్ ఏమిటో ఆయనే చూపించినట్టు.

ఈ తరాజూ మనవాడికి ఒకటి, పరాయివాడికి ఒకటి ఉండకూడదు. అక్బరుద్దీన్‌కు నియ్యత్, బండి సంజయ్‌కు లఫ్జ్ అని మనం తూచితే, అవతలివాళ్లు సరిగ్గా దీనికి ఉల్టా తూస్తారు. ఇన్సాఫ్ అడిగే హక్కు ముందు మన చేతిలోంచే పోతుంది.

పిల్లలకు ఒక్కటి నేర్పుదాం. తిట్టినవాడి దిల్‌లో ఏముందో అల్లాహ్‌కు తెలుసు, ఆ హిసాబ్ అక్కడ జరుగుతుంది. బజార్‌లో పడ్డ మాట హిసాబ్ మాత్రం ఇక్కడే అడగాలి. కేసు కాగితం మీద అడగాలి, ఓటుతో అడగాలి, అఖ్బార్‌కు ఖత్ రాసి అడగాలి. మనవాడు మైకు ముందు గీత దాటినప్పుడు చప్పట్లు కొట్టకుండా చేతులు కట్టుకుని కూర్చోవడం కూడా అడగడమే. ఆ ఖామోషీ వేదిక మీదికి బాగా వినపడుతుంది.